అనుపు రంగశాల: పేరు, ప్రామాణ్యము

సత్తెనపల్లి నుండి మాచెర్ల మీదుగా అనుపు చేరువారు అచ్చటి ఇక్ష్వాకుల నాటి రంగశాలను గ్రీకు రంగశాలకు ఛాయయని వినుట పరిపాటి. ఈ పోలిక నిలువదు. ఎపిడారస్ నందలి గ్రీకు రంగశాల కొండవాలుపై విసనకర్రవలె విచ్చుకొన్నది. వలయాకారమైన నృత్తభూమికి వెనుక నేపథ్యగృహముండెను. ఇచ్చటనో నడిమి నేల దీర్ఘచతురస్రము, మెట్లు నాలుగు వైపులను కలవు. నేపథ్యమునకు తావు కానరాదు. కావున ఇది భరతుడు చెప్పిన నాట్యమండపమునకును సరిపడదు. నలువైపుల నుండియు చూడదగిన మల్లయుద్ధాది వినోదములకే ఇది తగినదని నా యభిప్రాయము.

ఇంతకన్న చిక్కైనది ధ్వనివిషయము. నడుమ నిలిచి చప్పట్లు చరచి, 3వ శతాబ్ది శిల్పుల నేర్పును మెచ్చుకొనువారు పెక్కురు. కాని ఈ కట్టడము పుట్టినచోట లేదు. నాగార్జునసాగరమున లోయ మునుగనుండుటచే, 1954–60 నడుమ ఆర్. సుబ్రహ్మణ్యము గారి ఆధ్వర్యవమున త్రవ్వకములు జరిగినవి. పిదప దీనిని అనుపున మరల నిర్మించిరి. మెట్ల అమరిక దక్కినది, సంతోషమే. ధ్వని మెట్లనే గాక చుట్టునున్న నేలను, కొండవాలును గూడ ఆశ్రయించును. ఆ నేల నేడు జలాశయగర్భమున నున్నది. కనుక అనుపున వినవచ్చు ప్రతిధ్వనిని ప్రాచీనుల ధ్వనిశాస్త్రజ్ఞానమునకు ప్రమాణముగా గ్రహింపరాదు. అట్టి విచారణకు పూనుకొనువారు త్రవ్వకముల నాటి కొలతలను, పటములను ముందుంచుకొనవలెను.