పక్షిరాజా పక్కన నిలబడి

మా చెల్లెలి మనవరాలు ఈ వారం విస్కామ్‌లో చేరింది. విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీని కోయంబత్తూరు పిల్లలు పిలిచే పేరది. మూడేళ్లు. ఫోటోగ్రఫీ, ప్రకటనలు, సినిమా అన్నీ అందులోనే. మన తెలుగువాళ్లు పెట్టిన పీఎస్‌జీ ఆర్ట్స్ కాలేజీలోనూ ఉంది. ‘సినిమాకి డిగ్రీ ఎందుకే?’ అన్నాను. ‘తాతా, మళ్లీ మొదలెట్టకు’ అంది.

నేనేం మొదలెడతానో ఈ కాలమ్ పాఠకులకు కంఠతా వచ్చు. పని రావాలంటే పనివాడి పక్కన నిలబడాలి, బెంచీ మీద కూర్చుంటే రాదు. సాక్ష్యాలు ఊళ్లోనే ఉన్నాయి. రైల్వే ఉద్యోగి సామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరు కొని, ఊరూరా గుడారం వేసి బొమ్మ ఆడించాడు. 1914లో ఇక్కడ వెరైటీ హాల్ కట్టాడు. ఆ రోడ్డుకి నేటికీ అదే పేరు.

ఇక మన దర్శక నిర్మాత శ్రీరాములు నాయుడు. ఇక్కడి ఆయన పక్షిరాజా స్టూడియోలో ఒక్క కొండదొంగ కథ ఆరు భాషలెక్కింది. 1954లో ఎంజీఆర్ ‘మలైక్కళ్లన్’, ఎన్టీఆర్, భానుమతిల ‘అగ్గిరాముడు’, మరుసటేడు దిలీప్‌కుమార్ ‘ఆజాద్’, ఆపైన మలయాళం, కన్నడం, సింహళం. ‘మలైక్కళ్లన్’లో ఎంజీఆర్ వర్తకుడు రహీం వేషం కట్టి పోలీసుల మధ్యే తిరుగుతాడు. హిందీలో అదే వేషం, కానీ విషాద పాత్రలతో విసిగిన దిలీప్ దాన్ని చిలిపితనంతో నింపేశాడు. కథ కదల్లేదు, నటుడు మారాడు, సినిమా రుచే మారిపోయింది. ఇంతకు మించిన పాఠం ఏ సిలబస్‌లో ఉంది?

ఇదంతా చెబితే మనవరాలు ఒక్కటే అడిగింది: ‘ఆ పనివాడి పక్కన నన్ను నిలబడనిచ్చేవాళ్లా?’

ఆ రోజుల్లో నిలబడాలంటే తెలిసినవాళ్ల సిఫార్సు కావాల్సి వచ్చేది. ఎవరి అబ్బాయివంటే చెప్పుకోడానికో పేరుండాల్సి వచ్చేది. అబ్బాయివే, అమ్మాయివి కాదు. మా ఇళ్లలో ఆడపిల్ల సినిమా చూడ్డానికే పెద్దల తోడు కావాల్సి వచ్చేది, స్టూడియో మాట ఎక్కడిది! డిగ్రీకైతే మార్కులు, ఫీజు చాలు. పైగా పక్షిరాజా ఎప్పుడో మూతపడింది, ఇప్పుడు ఎవరి పక్కన నిలబడాలి? చదవనివ్వండి.

ఒక్క విన్నపం. సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్‌ని చెప్పే మాస్టార్లు ఒక వారం శ్రీరాములు నాయుడికీ ఇవ్వండి. ఆ స్టూడియోలో పనిచేసిన వారి ఇళ్లలో పాత స్టిల్స్, జీతం చీటీలు ఉంటే పాత పేపర్లవాడికి తూకానికి వేయకండి, ఈ పిల్లలకు చూపించండి.