షికారు పటాల అంచుల్లో

పాత గోల్ఫ్ పటాలు సేకరించేవాళ్లకు 1790 నాటి ఒక అచ్చు ప్రతి అంటే ప్రాణం. లండన్ శివారు బ్లాక్‌హీత్‌లో గోల్ఫ్ ఆడిన విలియం ఇన్నిస్ అందులో ఠీవిగా నిలబడి ఉంటాడు, వెనకాల ఆట కర్రలు మోస్తూ ఒక ముసలి పనివాడు. లెమ్యుయెల్ ఆబట్ వేసిన అసలు తైలచిత్రం 1857 తిరుగుబాటులో మన దేశంలోనే కాలిపోయిందని చెబుతారు. వాలెంటైన్ గ్రీన్ రాగిరేకు మీద చెక్కి తీసిన ప్రతుల వల్లే ఆ ఇద్దరూ మనకు మిగిలారు.

మన గడ్డ మీద ఆ పటాలకు సాటి వచ్చేవి రాజా దీనదయాళ్ ఫోటోలు. 1890లో పాలమూరు ఎవరి పేరున మహబూబ్‌నగర్ అయిందో, ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఆయన. 1844లో సర్ధనాలో పుట్టి, ఇండోర్‌లో సర్కారు కొలువు చేస్తూ కెమెరా పట్టారు. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. దర్బార్లు, కోటలే కాదు, పోలో జట్లను, పులివేటలను కూడా తీశారు. 1902 ఏప్రిల్‌లో నెక్కొండ విడిది దగ్గర చచ్చిన పులితో నిలబడ్డ వైస్రాయ్ కర్జన్ దంపతుల పటం ఇప్పటికీ ప్రపంచమంతా తిరుగుతోంది.

ఈ పటాల తయారీ తెలిస్తేనే వాటి మీద గౌరవం పెరుగుతుంది. పలచని కాగితానికి ఉప్పు కలిపిన కోడిగుడ్డు తెల్లసొన పూసి ఆరబెట్టేవారు. దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద తేలించి, చీకట్లో ఆరనిచ్చి, గాజు నెగటివ్‌కు అదిమి ఎండలో పెట్టేవారు. బొమ్మను పెద్దది చేసే పని ఉండదు, గాజు పలక ఎంతో పటమూ అంతే. తర్వాత బంగారపు లవణాల నీళ్లలో ముంచితే గోధుమ రంగుకు ఊదా జీర వచ్చేది. కాగితం ముడుచుకుపోతుంది కాబట్టి మందపాటి అట్టకు అంటించేవారు. భూతద్దం పెట్టి చూస్తే అసలు ప్రతిలో చుక్కలుండవు, కాగితం నారలు లీలగా కనిపిస్తాయి. చుక్కల వల కనిపిస్తే అది పుస్తకం నుంచి కత్తిరించిన అచ్చుబొమ్మ.

పసుపెక్కిన ప్రతిని చూసి కంగారు పడనక్కర్లేదు, తెల్లసొన గుణమే అంత. అట్టను కత్తిరించిన ప్రతిని మాత్రం కొనకపోవడమే మేలు. స్టూడియో ముద్ర ఉండేది ఆ అట్ట మీదే.

అట్టే కాదు, బొమ్మ అంచులూ ముఖ్యమే. నెక్కొండ పటానికి ఉన్నవి ఆ దొర, దొరసాని పేర్లే. డప్పులు కొట్టి పొదలు కదిపి పులిని తుపాకీ ముందుకు తోలినవాళ్లకు ఏ పటం కిందా పేరుండదు. అయినా వేట విడిది గుంపు ఫోటోల్లో ఓ మూలన మావటివాడో, తుపాకీ పట్టుకున్న నౌకరో దొరుకుతాడు. నల్లమలలో మన్ననూరు దాటాక ఫర్హాబాద్‌లో నిజాముల షికార్‌గాహ్ (వేట విడిది) శిథిలాలు నేటికీ ఉన్నాయి. అడవి ఆనుపానులు తెలిసిన చెంచుల నేల అది. ఆ వేటల చరిత్ర రాయాలంటే ఈ అంచుల్లో మనుషుల్ని వెతకాలి.

ఆల్బంలు విడదీసి ఒక్కో పటం అమ్మే అలవాటు అందుకే బాధ కలిగిస్తుంది. ఏ పటం తర్వాత ఏది తీశారో, ఆ వరుస పోతుంది. ఆ వరుస పట్టుకోవడానికి ఒక ఆధారంగా, దీనదయాళ్ ప్రతుల్లో చాలావాటి కింద తెల్లని అక్షరాల్లో నెగటివ్ సంఖ్య ఉంటుంది. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆ స్టూడియో గాజు నెగటివ్‌లను 1989లో కొని భద్రపరిచింది. వనపర్తి, గద్వాల వైపు ఏ పాత ఇంట్లోనైనా అలాంటి పటం దొరికితే ముందు ఆ సంఖ్య రాసిపెట్టుకుని, ఎండ తగలని చోట, ఆమ్లం లేని కాగితంలో చుట్టి ఉంచాలి. తుడవడానికి తడిబట్ట అస్సలు వాడకూడదు.