ట్యూనర్‌కు ప్రాణం కాయిల్, స్విచ్చి

హైదరాబాద్ శివారు మేడ్చల్, శామీర్‌పేట లేఅవుట్లలో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉంటే 200 గజాల ప్లాటు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో మాట్లాడే హామ్‌కు (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్‌కు) కావలసిన డైపోల్ యాంటెన్నా పొడవు సుమారు 66 అడుగులు. కాబట్టి తీగను వంచో, కురచ చేసో కట్టుకోవాలి. అప్పుడు 50 ఓమ్‌ల సెట్టుకూ ఆ తీగకూ పొత్తు కుదరదు. దాన్ని కుదిర్చేదే యాంటెన్నా ట్యూనర్. ఒక కాయిల్, ఒకటి రెండు గ్యాంగ్ కండెన్సర్లు, ఒక స్విచ్చి ఉంటే ఇంట్లోనే కట్టుకోవచ్చు.

కాయిల్‌కు మోటార్ వైండింగ్‌లో వాడే ఎనామిల్ రాగితీగ, 14 గేజిది, చాలు. 5 సెంటీమీటర్ల పైపు మీద తీగ మందమంత సందు వదులుతూ 20 చుట్లు చుడితే సుమారు 10 మైక్రోహెన్రీలు వస్తాయి. 7 మెగాహెర్ట్జ్‌కు అది ధారాళం. 3.5కు ఇంకొన్ని చుట్లు వేయాలి. అంతే మందమున్న నూలుతాడును తీగ పక్కనే కలిపి చుట్టి, ఆఖర్న తాడు విప్పేస్తే సందు సమంగా వస్తుంది. చుట్లు ఒకదాన్నొకటి ఆనుకుంటే నష్టం పెరుగుతుంది. చుట్ల మధ్య నుంచి ట్యాపు తీసేచోట ఎనామిల్ శుభ్రంగా గీకి టంకం వేయాలి.

అసలు పరీక్ష ఈ ట్యాపులు మార్చే స్విచ్చి దగ్గరే. 100 వాట్ల పవర్ 5 ఓమ్‌ల లోడులోకి వెళ్తే కరెంటు నాలుగున్నర ఆంపియర్లు. అదే 2000 ఓమ్‌లైతే వోల్టేజి శిఖరం 630 దాటుతుంది. చిన్న ప్లాస్టిక్ రోటరీ స్విచ్చి దీనికి నిలవదు. బేకలైట్ మీద ఒకసారి నిప్పురవ్వ పాకితే బొగ్గుచార పడి, ఆ దారినే మళ్లీ మళ్లీ పాకుతుంది. కాంటాక్టుల మధ్య ఎడమున్న సిరామిక్ వేఫర్ స్విచ్చే ఎంచుకోవాలి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. దొరక్కపోతే మొసలి క్లిప్పుతో ట్యాపు మార్చుకోవడం నాసిరకం స్విచ్చికన్నా మేలు.

వాడని చుట్లను షార్ట్ చేయాలి. వదిలేస్తే అవి ట్రాన్స్‌ఫార్మర్‌లా పనిచేసి, తెరిచి ఉన్న కొసన వోల్టేజి పెంచేస్తాయి. ప్రసారం జరుగుతుండగా స్విచ్చి తిప్పకూడదు. రెండు కండెన్సర్ల ట్యూనర్‌లో పొత్తు కుదిరిందో లేదో చూపే మీటరు ఒకటికి మించిన చోట్ల బాగుందని చూపిస్తుంది. వాటిలో కండెన్సర్ విలువ ఎక్కువగా, కాయిల్ తక్కువగా ఉన్న చోటునే ఖాయం చేసుకోవాలి. కాయిల్ వేడెక్కుతోందంటే పవర్ గాల్లోకి వెళ్లకుండా అక్కడే ఖర్చవుతోందన్నమాట.

ఈ చేతిపని విలువ ఆపదలో తెలుస్తుంది. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన అండమాన్ నుంచి క్షేమ సమాచారాలను హామ్ రేడియోలోనే చేరవేసింది. అలాంటి వేళ కొలతప్రకారం యాంటెన్నా కట్టే వీలుండకపోవచ్చు. దొరికిన తీగను పనిలో పెట్టాలంటే ట్యూనర్ కావాలి, అది చెడితే బాగుచేసే చెయ్యీ కావాలి. కుర్రకారు ముందు పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. తొలి ట్యూనర్ మాత్రం సొంతంగా కట్టుకోవాలి.