వాఖావు లోయ ద్రాక్షామధువు

ఆస్ట్రియా దేశమున మెల్క్, క్రెమ్స్ అను రెండు పట్టణముల నడుమ, ఇరుప్రక్కల గిరులు ఒత్తుకొని రాగా, డాన్యూబు నది వంకరలు తిరుగుచు సుమారు 35 కిలోమీటర్లు ప్రవహించు లోయకు వాఖావు అని పేరు. ఆ దేశమున ఆనకట్టల నిర్బంధము లేక ఈ మహానది స్వేచ్ఛగా పారు తావులు రెండే మిగిలియున్నవి. అందు నిది యొకటి. ఇచ్చట పండు తెల్లని ద్రాక్షామధువు తీపి లేనిది, తేటయైనది, మ్రింగిన పిదప కూడ జిహ్వపై చాలసేపు నిలుచునది. రసజ్ఞులు దానిని ప్రశంసించునపుడు ద్రాక్షజాతిని, ఆ యేటి ఎండను, మధువును సిద్ధపరచిన గృహస్థుని పేరును చెప్పి యూరకుందురు. నా తలంపున ఆ ప్రశంసలో ప్రథమభాగము గోడ కట్టినవానికి చెందవలెను.

ఈ కొండలు నైస్ అను మిక్కిలి ప్రాచీనమైన కఠినశిలతో నేర్పడినవి. మనుష్యుడు నిలువబడుటయే కష్టమైన ఆ వాలునందు మన్ను నిలుచుట యెట్లు? మధ్యయుగమున బవేరియా మఠములు ఇచ్చట భూములు సంపాదించి, కొండను మెట్లు మెట్లుగా చెక్కించి, ప్రతి మెట్టునకును రాతిగోడను అండగా కట్టించినవి. ఆ గోడలలో సున్నము లేదు. అచ్చటి రాయినే తీసి, పెద్దవానిని అడుగున పరచి, క్రింది వరుసలో రెండు రాళ్లు కలిసిన చోట పై వరుస రాయి నడుమ వచ్చునట్లు పేర్చుచు, గోడ మొత్తము కొండవైపునకు కొంచెము వాలియుండునట్లు లేపుదురు. వెనుక చిన్నరాళ్లు దట్టింతురు. గట్టి వాన కురిసినపుడు కొండలో నింకిన నీరు ఆ చిన్నరాళ్ల గుండ దిగి, గోడ సందులనుండి ఊటగా వెలుపలికి పోవును. ఆ సందులను పూడ్చి కట్టినచో, వెనుక నిలిచిన నీటి యొత్తిడికి గోడ యుబ్బి యొకనాడు కూలక తప్పదు.

మన్నును నిలుపుటతో గోడ పని ముగియదు. పగలెల్ల ఎండను త్రాగిన రాయి, ప్రొద్దు క్రుంకిన పిదప ఆ వేడిమిని తీగలకు తిరిగి యిచ్చును. తూర్పు మైదానములనుండి వచ్చు వెచ్చని గాలి పగటివేళ పండును పక్వమునకు దెచ్చుచుండగా, ఉత్తరమునందలి అరణ్యసీమనుండి రాత్రివేళ చల్లగాలి లోయలోనికి దిగును. వేడిమికిని చలికిని గల ఈ యంతరమువలన పండు ముదిరి తీపెక్కినను పులుపును కోలుపోదు, పరిమళము చెదరదు. తీపి యంతయు ఆల్కహాలుగా మారిన పిదప మధువునకు ప్రాణమై నిలుచునది ఆ పులుపే. మద్యమును ముట్టని పాఠకులకు సైతము ఈ శిల్పమును, ఈ ప్రకృతివిన్యాసమును మెచ్చుకొనుటకు అభ్యంతర ముండదని తలంతును.

యంత్రము ఎక్కలేని ఆ మెట్లపై కొమ్మలు కత్తిరించుట మొదలు కోత వరకు సమస్తమును చేతితోనే జరుగవలెను. బల్లపరుపు తోటలో కన్న శ్రమ ఎన్నో రెట్లు. శీతకాలమున తీగలు నిద్రించుచుండగా కూలిన గోడలను తిరిగి నిలుపుట వేరొక పని. గిట్టుబాటు కాక విడిచిపెట్టగా అడవిలో కలిసిపోయిన మెట్లును గలవు. 2000వ సంవత్సరమున యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వస్థలముగ గుర్తించినది. కాని గౌరవపత్రము గోడను నిలుపజాలదు, కూలి ముట్టినగాని రాయి రాయిపై నిలువదు.

ఇచ్చట ముఖ్యమైన ద్రాక్షజాతులు రెండు. రీస్‌లింగ్ పై మెట్లలోని రాతినేలను కోరును. పండిన పీచు, ఆప్రికాటు వాసనల నిచ్చును. గ్రూనర్ వెల్ట్‌లీనర్ క్రింది వాలులలో గాలికి కొట్టుకొనివచ్చి పేరుకొన్న సారవంతమైన మెత్తని మంటియందు బాగుగా పండును. దానిలో మిరియపు ఘాటు తోచును. ఇది కేవలము రసికుల భావన కాదు. మన చారులో పడు మిరియమునకు పరిమళము నిచ్చు రొటుండోన్ అను పదార్థమే ఈ ద్రాక్షయందును గలదని రసాయనశాస్త్రజ్ఞులు కనుగొనిరి.

1983వ సంవత్సరమున యోసెఫ్ యామెక్, ఫ్రాంజ్ హిర్ట్స్‌బెర్గర్, ఫ్రాంజ్ ప్రాగర్, విల్‌హెల్మ్ ష్వెంగ్లర్ అను నలువురు కలిసి వినేయా వాఖావు అను సంఘమును స్థాపించిరి. ద్రాక్షరసమున చక్కెర కలుపరాదని సభ్యులు నియమము చేసికొనిరి. పరాయి పరిమళము చేర్పరాదు, క్రొత్త ఓక్ పీపాల వాసన మధువునకు పట్టనీయరాదు, కోత చేతితోనే జరుగవలెను అను నియమములు తరువాత చేరినవి. సంఘము స్థాపించి రెండేండ్లు తిరుగక మునుపే, 1985లో, ఆస్ట్రియా వర్తకులు కొందరు మధువునకు తీపియు చిక్కదనమును గలవని భ్రమింపజేయుటకై డైఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును కలిపినట్లు బయటపడి, ఆ దేశపు ఎగుమతి కుప్పకూలినది. ప్రభుత్వము కఠినశాసనము చేసినది పిమ్మట. వాఖావువారు ఎవరి నిర్బంధమును లేక తమ కట్టుబాటును చేసికొన్నది ముందు. ఈ సంప్రదాయమునకు నేను విలువ కట్టుట ముఖ్యముగా నిందుకే.

ఆ సంఘమువారు మధువును మూడు తరగతులుగ విభజించిరి. తేలికయైనది స్టైన్‌ఫెడర్, తోటలయందు మొలచు ఈకవంటి గడ్డి పేరది, ఆల్కహాలు 11.5 శాతము మించదు. మధ్యమమైన ఫెడర్‌ష్పీల్‌కు డేగవేటనుండి పేరు వచ్చినది, 12.5 శాతము వరకు ఉండును. అంతకు తగ్గనిది స్మరాగ్ద్. ఆ పేరు గోడలపై ఎండ కాగు ఆకుపచ్చని బల్లిది. దాని పండ్లను తరచు అక్టోబరు చివర, ఒక్కొక్కయెడ నవంబరులో కోయుదురు.

వియన్నాకు పోవు తెలుగువా రెవరైనను వాఖావు మధువును రుచిచూడ దలచినచో నొక మాట. స్మరాగ్ద్‌ను కొన్ని యేండ్లు నిలువయుంచుట మేలు; తొందరపడి తెరచినచో దాని గుణము సగము తెలియదు. ఏ తరగతిదైనను మంచువలె చల్లబరచినచో పరిమళ మణగును. మొదటిసారి గ్రూనర్ వెల్ట్‌లీనర్ ఫెడర్‌ష్పీల్‌నే కొనుడు. వెలయు తక్కువ, మిరియము వేసిన మన కూరలకును అది చక్కగా పొసగును.