నంద్యాల పేరులో దొరికే తప్పు

ప్రతి అక్షరానికి బదులు దాని తరువాతి మూడో అక్షరాన్ని రాసే రహస్యలిపిని జూలియస్ సీజర్ వాడేవాడని రోమన్ రచయిత స్యుటోనియస్ నమోదు చేశాడు. సీజర్ సైఫర్ అనే ఆ లిపిని విప్పే ప్రోగ్రామును ఇప్పుడు కోడింగ్ మొదలుపెట్టినవారికి తొలి అభ్యాసాలలో ఒకటిగా ఇస్తున్నారు. ప్రోగ్రాము రాసిన విద్యార్థి దానిని ఏ పేరుతో పరీక్షిస్తాడన్నది చాలా ముఖ్యం.

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ పేరును ఇంగ్లీషు పెద్దక్షరాలలో రాసి మూడు స్థానాలు ముందుకు జరిపితే 'ఎ' 'డి'గా, 'ఎల్' 'ఓ'గా మారుతూ పోతాయి. వెనక్కి జరిపితే పేరు చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది కాబట్టి ప్రోగ్రాము సరిగ్గానే ఉందని విద్యార్థి నమ్ముతాడు. జిల్లా కేంద్రమైన నంద్యాలను ఇచ్చినప్పుడు ఆ నమ్మకం నిలవదు. ఆ పేరులోని 'వై' 'జెడ్' దాటి, మళ్లీ మొదటికి వచ్చి 'బి' అవుతుంది. కంప్యూటరు అక్షరాలను సంఖ్యలుగా దాచుకునే ఆస్కీ పట్టికలో 'బి' సంఖ్య 66. అందులోంచి మూడు తీసివేస్తే వచ్చే 63 ప్రశ్నార్థక చిహ్నానిది కాబట్టి ఊరి పేరు నడుమ అదే కనిపిస్తుంది.

దీనికి విరుగుడు శేషం. 66 నుంచి 'ఎ' సంఖ్య అయిన 65 తీసివేసి, అందులోంచి మూడు తగ్గించి, వచ్చిన −2ను 26తో భాగిస్తే పైథాన్ భాష శేషం 24 అని చెబుతుంది. దానికి 65 కలిపితే 89, అంటే 'వై'. సీ భాష మాత్రం శేషం −2 అనే చెబుతుంది కాబట్టి సూత్రం సరైనదేనని తోచినా మళ్లీ ఆ ప్రశ్నార్థకమే వస్తుంది. భాగించే ముందు 26 కలపడం అక్కడ తప్పనిసరి.

తెలుగు లిపిలో చిక్కు ఇంకా లోతైనది. ప్రపంచ లిపులకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో 'న' 3112, 'ప' 3114. భారతీయ లిపులను ఒకే వరుసలో అమర్చిన ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించడం వల్ల తమిళంలోని రెండో 'న'కారానికి సరిపోలే 3113వ స్థానం తెలుగులో ఖాళీగా మిగిలింది. అందువల్ల నంద్యాల తొలి అక్షరాన్ని మూడు స్థానాలు జరిపితే, వర్ణమాల ప్రకారం రావలసిన 'బ'కు బదులు 'ఫ' వస్తుంది. సంఖ్యల వరుసనే అక్షరాల వరుస అనుకోవడమే ఈ తప్పులన్నిటికీ మూలం.

తెరపై ప్రశ్నార్థకం కనిపించినప్పుడు అధ్యాపకులు సరిచేసిన సూత్రాన్ని చేతికివ్వకుండా, ముందుగా 66 నుంచి మూడును కాగితం మీద తీసివేయమని విద్యార్థికి చెప్పాలి.