బోల్టులతో బిగించిన పనితనం

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ గొప్పతనం తెలియాలంటే బానెట్ ఎత్తి చూడాలి. మూత ఒక్కటే లేవదు. హెడ్‌లైట్లు, మడ్‌గార్డులతో సహా కారు మొహమంతా ముందుకు వాలుతుంది. ఇంజిను, స్టీరింగు రాడ్లు, ముందు సస్పెన్షన్ అన్నీ చేతికందుతాయి. మెకానిక్ టైరు మీద కూర్చునే కార్బొరేటరు సరిచేయొచ్చు. మన మెకానిక్ షెడ్లలో నడుము వంచి పనిచేసేవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

1962 అక్టోబరులో లండన్ మోటార్ షోలో బయటికొచ్చిన ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు మన దగ్గరే ఓ చుట్టం ఉంది: 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. రెండింటినీ గీసింది ఇటలీవాడు జియోవన్నీ మికెలోట్టి. హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేస్తే స్పిట్‌ఫైర్ పుట్టింది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 91.5 అంగుళాల నుంచి 83కు తగ్గింది.

ఛాసిస్ మీద విడిగా బాడీ కట్టే పద్ధతిని అప్పటికే చాలా కంపెనీలు వదిలేస్తున్నాయి. ఈ కార్లు తయారుచేసిన స్టాండర్డ్-ట్రయంఫ్‌కు బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో పోటీ కంపెనీ బీఎంసీ చేతిలోకి పోయింది. గత్యంతరం లేక కంపెనీ ఇంజినీరు హ్యారీ వెబ్‌స్టర్ బృందం పాత పద్ధతికే వచ్చి, హెరాల్డ్ బాడీని భాగాలుగా చేయించి ఛాసిస్‌పై బోల్టులతో బిగించింది. ఆ ఇరకాటంలోంచే ఇంత మంచి పని వచ్చింది. బ్రిటన్‌లో అమ్మని నాలుగు తలుపుల హెరాల్డ్‌ను మద్రాసువాళ్లు ఈ పునాది మీదే కట్టారు. హెరాల్డ్ 25 అడుగుల చోటులో గుండ్రంగా తిరిగేస్తుంది. ఇరుకు సందుల్లో అంతకంటే ఏం కావాలి?

హెరాల్డ్ మన దగ్గర 948 సీసీ ఇంజినుతోనే నడిచింది. స్పిట్‌ఫైర్‌కు 1147 సీసీ, జంట కార్బొరేటర్లు, 63 గుర్రాల బలం, ముందు డిస్క్ బ్రేకులు.

ఈ రెండు కార్ల లోపమంతా వెనక ఉంది. అడ్డంగా ఒకటే కమాన్ కట్ట, ఊగే యాక్సిళ్లు. వేగంగా మలుపు తిరుగుతూ యాక్సిలరేటరు వదిలితే చక్రం లోపలికి ముడుచుకునేది. 1970లో వచ్చిన స్పిట్‌ఫైర్ నాలుగో మోడల్లో కట్ట బిగింపు మార్చి దీన్ని చాలావరకు సరిదిద్దారు. మద్రాసువాళ్లు 1972 నాటి గజెల్ అనే కారులో ఏకంగా గట్టి యాక్సిలే వేశారు. మన రోడ్లకు అదే సరైన మందు.

పాత హెరాల్డ్ ఎక్కడైనా కనబడితే తుక్కు కింద తూకానికి వేయనివ్వకండి. ఛాసిస్ తుప్పు తినకుండా ఉంటే చాలు, మిగతాదంతా స్పానర్‌తో విప్పి బాగుచేసుకోవచ్చు.