నడివయసు నలుగు

సున్నిపిండి ఎట్లు కొట్టవలెనని అడిగినవారికి మా మేనత్త ఎన్నడును ఒకే పాళ్లు చెప్పి ఎరుగదు. పసిబిడ్డకైనచో పొట్టు తీసిన పెసలను మెత్తగా విసిరి, వస్త్రగాళితము పట్టి, అందు చిటికెడు పసుపు మాత్రమే కలుపుమనును. పెండ్లికూతురికైనచో కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు, నీడన ఎండిన గులాబిరేకులు, నారింజతొక్కలు చేర్చి, పిండిని వ్రేళ్లకు తగులునంత బరకగా ఉంచుమనును. ఏబది దాటిన నావంటిదానికైనచో, "నీకింక పిండి తగ్గించి నూనె పెంచుకోవాలే అమ్మాయ్" అని ఒక్క మాటతో సరిపెట్టును. వయస్సునుబట్టి పాళ్లు మార్చు ఈ నేర్పును, అంగళ్లలో సీసావెంట సీసా కొనుచు, కన్నెవయస్సున తమకు పడిన సామగ్రియే నేటికిని పడితీరవలెనని పట్టుబట్టు మా తరమువారిలో అధికులు పోగొట్టుకొన్నారని నా అభిప్రాయము.

నడివయస్సున చర్మమునకు కలుగు మార్పులలో కంటికి కానవచ్చునవి కడపటివి. పైపొరలోని కణములు అట్టడుగున పుట్టి, పైకి వచ్చి, ఎండి రాలిపోవుటకు యౌవనమున సుమారు 28 దినములు పట్టగా, వయస్సుతోపాటు ఆ నడక మందగించి నెలన్నరవరకు సాగును. కణములనడుమ గారవలె నిలిచి తేమను బయటికి పోనీయని సెరమైడ్లవంటి కొవ్వుపదార్థములు తగ్గును. క్రిందిపొరకు బిగువునిచ్చు కొలాజెన్ అను మాంసకృత్తు యౌవనము ముగియకమునుపే ఏటేట ఇంచుమించు నూటికొకవంతు చొప్పున తరుగ మొదలిడి, స్త్రీలకు ముట్లుడిగిన తరువాత మొదటి ఐదేండ్లలోనే దాదాపు 30 శాతము నశించునని వైద్యులు లెక్కగట్టినారు. మగవారియెడ ప్రకృతి ఈ విషయమున కొంత పక్షపాతము చూపినది: వారి తైలగ్రంథులు ఎనుబదియేండ్ల ప్రాంతమువరకు పెద్దగా సడలక పనిచేయుచుండగా, మనవి ముట్లతోడనే విశ్రాంతికి సిద్ధమగును. మా మామగారి నుదురు నేటికిని నిగనిగలాడుచున్నది. ఆయన కోడలినైన నా పిక్కమీద గోటితో గీచినచో తెల్లనిచార పడుచున్నది.

ఇందు వయస్సు చేసినదెంత, ఎండ చేసినదెంత అని తెలిసికొనుటకు యంత్రములతో పనిలేదు. జాకెట్టు చేయి కొంచెము పైకి మడిచి, దండ లోవైపు చర్మమును, అదే చేతి ముంజేతి వెలుపలి చర్మమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో చాలును. రెండింటికిని వయస్సొక్కటే, కాని మొదటిది నున్నగా, అంతటను ఒకే వన్నెతో ఉండగా, రెండవది గరుకెక్కి, నల్లబడి, నడుమనడుమ చిన్నచిన్న గోధుమమచ్చలు తేలి కనబడును. 2012లో అమెరికా వైద్యపత్రిక యొకటి 69 ఏండ్ల లారీడ్రైవరు ఛాయాచిత్రము ప్రకటించినది. 28 ఏండ్లు లారీ నడపిన ఆయన ముఖమున, కిటికీవైపున్న ఎడమచెంప మాత్రము లోతైన ముడుతలతో వ్రేలాడుచుండగా, కుడిచెంప చాలవరకు చెక్కుచెదరకున్నది. కిటికీ అద్దము చర్మమును కమిలించు కిరణములను ఆపునే గాని, లోపలిపొరవరకు దిగి కొలాజెన్‌ను తెగగొట్టు యూవీఏ కిరణములను పూర్తిగా ఆపజాలదు. మబ్బుపట్టిన దినమునను వాని రాక ఆగదు. మనవంటి చామనచాయవారికి మెలనిన్ కొంత కాపుదల యిచ్చుటచేత ముడుతలు ఆలస్యముగా వచ్చును; అందుకు బదులుగా మంగు, మచ్చలు, రంగుతేడాలు ముందుగా వచ్చును. విదేశీయుల ప్రకటనలను చూచి ముడుతలకు భయపడు మన స్త్రీలకు నిజముగా పట్టించుకొనవలసినది ఈ మంగే.

ఇక నలుగు సంగతి. వాగ్భటుడు అష్టాంగహృదయమునందలి దినచర్యాధ్యాయమున నిత్యాభ్యంగమును విధించుచు, అది ముదిమిని, అలసటను, వాతమును పోగొట్టుననియు, తలకు, చెవులకు, పాదములకు విశేషముగా పట్టింపవలెననియు చెప్పినాడు. ముదిమిని పోగొట్టుననుట నేను నమ్మను. కాని మొదట నూనె, పిదప పిండి, ఆ పిదప నీరు అను ఈ క్రమమును ఏర్పరచినవారి బుద్ధికి మాత్రము తల వంచుదును. చర్మము స్వభావముచేత కొంచెము ఆమ్లగుణము గలది, దాని పీహెచ్ సుమారు 5. మనము రుద్దుకొను సబ్బుబిళ్ల పీహెచ్ 9కి తగ్గదు. సబ్బు ఉన్న కొవ్వునంతటిని ఊడ్చుకొనిపోవును. పెసరపిండియో, మిగులునూనెను మాత్రమే పీల్చుకొని, కావలసినంత జిడ్డును ఒంటిమీదనే విడిచిపెట్టును. అయితే యౌవనమున హాయిగా తోచిన బరకపిండి రుద్దుడు, పలుచబడిన నడివయస్సు చర్మమునకు గీరుడుగా పరిణమించును. కావున శనివారపు తలంటున నేను నువ్వులనూనెను గోరువెచ్చగా కాళ్లకు, చేతులకు పట్టించి, అరగంట ఊరనిచ్చి, మెత్తని పెసరపిండిని పలుచగా కలిపి, వ్రేళ్లతో నలుచుట మాని, అరచేయి బల్లపరుపుగా ఉంచి అద్దుదును. నీళ్లు మరగకాగినవైనచో పడిన శ్రమయంతయు వృథా. పాత నేతచీర ముక్కతో ఒత్తుకొని, ఒడలు ఇంకను చెమ్మగా ఉండగనే మరల నాలుగు చుక్కల నూనెయో, వాసనలేని మాయిశ్చరైజరో రాచుకొందును. నూనెకాళ్లతో నున్నని బండలమీద నిలుచువారు గోడకు ఊతకడ్డీ బిగించుకొనుట మంచిది. జారిపడినచో చర్మము మాట అటుంచి తుంటియెముకకు వైద్యము వెదకవలసివచ్చును.

మేనత్తకును నాకును ఎడతెగని వివాదము బావంచాలనుగూర్చి. బావంచాలలో సొరలెన్ అను పదార్థము గలదు; అది అంటిన చర్మము ఎండకు అతిగా స్పందించును. ఆ గుణముచేతనే బొల్లిమచ్చలకు బావంచాలను పూర్వులు వాడిరి, నేటి వైద్యులును సొరలెన్ ఇచ్చి అతినీలలోహిత కిరణములు సోకింతురు. భోగినాడును, నరకచతుర్దశినాడును తెల్లవారకమున్నే తలంట్లు ముగించి, పట్టుబట్టలు చుట్టుకొని ఇంటిపట్టున కూర్చుండువారికి దీనివలన హాని తోచియుండదు. అదే పిండిని మే నెలలో పదిగంటలవేళ ముఖమునకు పట్టించి, అరకొరగా కడిగికొని బజారునకు పోవు ఇల్లాలికి ఉన్న మంగు మీద కొత్తమంగు చేరును. నిమ్మచెక్కతో ముఖము రుద్దుకొనువారికిని ఇదే గతి పట్టవచ్చును, నిమ్మతొక్కలోను ఆ జాతి పదార్థములే ఉన్నవి. "బావంచాలు లేకపోతే అది వట్టి పెసరపిండే గానీ సున్నిపిండి అవుతుందటే?" అని మేనత్త. "నీ మాట కాదనను అత్తయ్యా, ముఖానికి మాత్రం వద్దు" అని నేను. ఈ సంధి ఇప్పటివరకు నిలిచియున్నది.

మెడవెనుక నలుపు మరియొక చిక్కు. నడివయస్సువారిలో అనేకులకు మెడమీదను, చంకలలోను చర్మము నల్లగా, దళసరిగా, మఖమలు తగిలినట్లు మెత్తగా మారును. అది మురికియని తలచి వారు పీచుతో, పిండితో, కొబ్బరిపీచుతో సైతము తోముదురు. తోమినకొలది నలుపు హెచ్చునేగాని తగ్గదు. చాలమందియందు అది ఇన్సులిన్ పనితీరు మందగించినదనుటకు దేహమిచ్చు సూచన. అట్టివారు వెళ్లవలసినది స్నానాలగదికి కాదు, రక్తపరీక్షాకేంద్రమునకు.

మంగునకు మందులదుకాణమున అడిగి క్రీములు కొనుట కంటె హానికరమైన అలవాటు వేరొకటి లేదు. మా దగ్గరి చుట్టమొకరు దుకాణదారుడు చేతికిచ్చిన చిన్నగొట్టమును నెలలతరబడి పూసికొనగా, మొదట తెల్లబడిన చెంపలు పిమ్మట ఎఱ్ఱబారి, సన్నని రక్తనాళములు పైకి తేలి, నూనుగువెండ్రుకలు మొలచి, మానినంతనే మంటలు పుట్టినవి. అందలి స్టీరాయిడు మహిమ అది. 2018లో కేంద్రప్రభుత్వము పెక్కు స్టీరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేక అమ్మరాని మందుల జాబితాలో చేర్చినను, అడిగినవారికి అవి దొరకుచునే యున్నవి. నిక్కముగా పనిచేయు లేపనము లేకపోలేదు: ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్మన్ అను చర్మవైద్యుడు మొటిమలకు ఇచ్చుచువచ్చిన ట్రెటినాయిన్, ఎండకు ముదిరిన చర్మమును సయితము సరిచేయునని 1986లో తన సహచరులతో కలిసి ప్రకటించెను. కాని అదియును పొట్టు లేపును, మంట పుట్టించును. బఠాణిగింజంత, వారమునకు రెండు రాత్రులు, చర్మవైద్యుని సలహాతో మొదలిడవలసినది.

అన్నింటికన్న చవుకైనది ఎండను తప్పించుకొనుట. ఆస్ట్రేలియాలోని నాంబోర్ పట్టణమున 900 పైచిలుకు మందిని నాలుగున్నరయేండ్లు గమనింపగా, సన్‌స్క్రీన్ ప్రతిదినము పూసికొన్నవారి చర్మము, తోచినపుడు పూసికొన్నవారి చర్మముకన్న 24 శాతము తక్కువ ముదిరినదని 2013లో తేలినది. మనవారు పూయునది పలుచన. ముఖమునకు, మెడకు కలిపి రెండు వ్రేళ్ల పొడవునను పిండినంత కావలెను. మంగు గలవారికి కంటికి కనబడు వెలుగు సయితము శత్రువే గనుక, ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు. అయినను నాకు గుడ్డమీద గురి యెక్కువ. బెజవాడ మేనెలయెండలో స్కూటరుమీద పోవు ఆడపిల్లలు చున్నీతో ముఖము చుట్టుకొని, మోచేతులు దాటిన తొడుగులు వేసికొని పోవుచుందురు. ఆ తొడుగులు రోడ్డుప్రక్కనే దొరకును, వెల స్వల్పము. వారి వెనుకసీటున చీరకొంగు బొడ్డున దోపి, గాజులచేతులు ఎండకు వదలి కూర్చున్న తల్లులకే వాని అవసరము హెచ్చు.